పొలం మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ఆ రెండంతస్తుల కట్టడం ఏమిటి, ఇప్పుడు దేనికి పనికొస్తోంది?

మీరు అడిగింది ఇదీ: ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని సఫోక్‌కి కొత్తగా వచ్చారు. ఆదివారం సైకిలు మీద తిరుగుతుంటే బార్లీ చేల మధ్య రెండంతస్తుల చదరపు కట్టడం ఒకటి కనిపించింది. పై అంతస్తుకి బాల్కనీ, అద్దాలు ఊడిపోయిన పెద్ద కిటికీలు, దరిదాపుల్లో ఇంకో ఇల్లు లేదు. ఆఫీసులో ఎవరో అది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ కంట్రోల్ టవర్ అన్నారు. నిజమేనా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా, వాటిని దేనికి వాడుతున్నారు, లోపలికి వెళ్ళొచ్చా, అమ్మకానికి వస్తే కొని ఇల్లు చేసుకోవచ్చా, మన దగ్గర కూడా ఉన్నాయా అని.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది దాదాపుగా కంట్రోల్ టవరే. బ్రిటన్‌లో ఇలాంటివి వందకు పైనే నిలిచి ఉన్నాయి. కొన్ని మ్యూజియంలు అయ్యాయి, కొన్ని ఇళ్ళు, కొన్ని ఆఫీసులు, ఒకటీ అరా కాఫీ షాపులు. చాలావరకు రైతుల సామాను కొట్లు, మిగిలినవి పావురాల పాలు. మ్యూజియం అయినవాటిలోకి హాయిగా వెళ్ళొచ్చు, మిగతా వాటికి యజమానిని అడగాలి. కొనే విషయంలో మాత్రం మూడుసార్లు ఆలోచించి, నాలుగోసారి కప్పు ఎక్కి చూసి అప్పుడు మాట్లాడండి. ఎందుకో కింద చెప్తాను.

ఇదంతా చెప్పడానికి నేనెవరినంటే, సివిల్ ఇంజనీర్ని. పాత కాంక్రీటు కట్టడాలకు ఏ జబ్బు చేసిందో చూసి చెప్పడం నా పని. ఇప్పటిదాకా యజమానుల కోసం ఏడు టవర్లు పైనుంచి కిందిదాకా పరిశీలించాను. వాటిలో ఒకటి మ్యూజియం. పని అయిపోయాక కూడా అక్కడికి వెళ్ళడం మానలేకపోయాను. పదకొండేళ్ళుగా వారాంతాల్లో వాలంటీరుగా ఉన్నాను. అంటే రంగులు గీకడం, టీ కాయడం, ఒకే కథ రోజుకు ఇరవైసార్లు చెప్పడం.

మొదట పేరు సంగతి. బ్రిటిష్ వైమానిక దళం, అంటే ఆర్‌ఏఎఫ్ వాళ్ళు దీన్ని ‘వాచ్ ఆఫీస్’ అనేవాళ్ళు. కంట్రోల్ టవర్ అన్నది అమెరికన్ల మాట. 1942 నుంచి ఈ తూర్పు జిల్లాల్లో ఎయిర్‌ఫీల్డ్‌లు వరసగా అమెరికన్ ఎనిమిదో వైమానిక దళం చేతికి వెళ్ళాయి, వాళ్ళ మాటే చివరికి నిలబడింది. మనం ఇప్పుడు విమానాశ్రయాల్లో చూసే సన్నటి ఎత్తైన స్తంభం లాంటిది ఊహించుకుంటే ఇది టవర్ అనిపించదు. మన పల్లెల్లో డాబా మీద ఇంకో డాబా వేసినట్టు ఉంటుంది, అంతే.

గుర్తుపట్టడం సులువు. రన్‌వేల వైపు ఉన్న ముఖానికి పెద్ద కిటికీలు, వెనకవైపు చిన్నవి. పై అంతస్తు చుట్టూ ఇనుప గొట్టాల రెయిలింగుతో బాల్కనీ. కప్పు మీదకి ఇనుప మెట్లు. పక్కనే ఫైరింజన్ నిలిపే షెడ్డు మిగిలి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఇవన్నీ లండన్‌లోని ఎయిర్ మినిస్ట్రీ గీసిన నమూనాల ప్రకారం కట్టినవి, అందుకని మాలాంటి వాళ్ళు టవర్లను ఊరి పేరుతో కాక డ్రాయింగ్ నంబరుతో పిలుచుకుంటాం. ఎక్కువగా కనిపించేది 12779/41, అంటే 1941 నాటి 12779వ డ్రాయింగ్. దానికి ముందు కిటికీలు పెద్దవి. తర్వాత వచ్చిన 343/43లో చిన్నవి. మా టవర్‌లో కిటికీ కింద గోడకు సున్నం గీకితే రెండు వరసల ఇటుకలు వేరే రంగులో బయటపడ్డాయి. మొదట పెద్ద కిటికీ పెట్టి, యుద్ధం మధ్యలోనే కింద ఇటుకలు పేర్చి దాన్ని చిన్నది చేశారన్నమాట. గోడను అలా చదవడం అలవాటైతే మ్యూజియంలో రాసిపెట్టిన బోర్డుల కంటే అదే ఎక్కువ కబుర్లు చెబుతుంది.

అసలు ఇది పొలం మధ్యలో ఎందుకుంది? 1942 నాటికి ఒక ప్రామాణిక బాంబర్ ఎయిర్‌ఫీల్డ్ అంటే మూడు రన్‌వేలు, ‘ఏ’ అక్షరంలా ఒకదాన్నొకటి కోసుకుంటూ. పెద్దది 2000 గజాలు, మిగతా రెండూ 1400 గజాలు, వెడల్పు 50 గజాలు. వాటి చుట్టూ విమానాలు తిరిగే కాంక్రీటు రోడ్డు. ఒక్కో ఫీల్డుకి సుమారు 10 లక్షల పౌండ్లు ఖర్చయింది. భూములన్నీ రైతుల దగ్గర తీసుకున్నవే. యుద్ధం అయిపోయాక చాలావరకు తిరిగి వ్యవసాయానికి వెళ్ళిపోయాయి. రన్‌వే కాంక్రీటుని పగలగొట్టి కొత్త రోడ్ల కింద కంకరగా వేశారు. సిబ్బంది ఉండే రేకుల గుడిసెలు తుప్పు పట్టి పోయాయి. గోడలు ఇటుకవీ, అంతస్తూ కప్పూ కాంక్రీటువీ కాబట్టి టవర్‌ని పడగొట్టడమే ఖర్చు. అందుకని దాన్ని వదిలేసి చుట్టూ దున్నుకున్నారు. మీకు కనిపించింది అదే.

లోపల ఏముండేదో కూడా చెప్పాలి, లేకపోతే ఇంత చిన్న కట్టడం కోసం ఇంత హడావిడి ఏమిటనిపిస్తుంది. కింద వాతావరణ శాఖ గది, టెలిఫోన్ పరికరాలు, మరుగుదొడ్లు. పైన కంట్రోల్ గది: గోడకు పెద్ద బోర్డు, దాని మీద సుద్దతో ఒక్కో విమానం పేరు, బయల్దేరిన టైము, తిరిగొచ్చిన టైము. మూడో గడి పొద్దున ఖాళీగా ఉంటుంది. మధ్యాహ్నానికి నిండాలి. విమానాలు వచ్చే వేళకి అధికారులు బాల్కనీ మీదకీ కప్పు మీదకీ ఎక్కి ఆకాశం వైపు చూస్తూ లెక్కపెట్టేవాళ్ళు. లోపల గాయపడినవాళ్ళుంటే ఆ విమానం ఎర్ర దీపం లాంటి ఫ్లేర్ వదిలేది. దాన్ని చూసి అంబులెన్సు కదిలేది. నార్ఫక్‌లోని థోర్ప్ ఆబట్స్‌లో 1943 అక్టోబరు 10న, జర్మనీలోని మ్యూన్‌స్టర్ మీద దాడికి అమెరికన్ 100వ బాంబ్ గ్రూప్ నుంచి 13 విమానాలు వెళ్తే తిరిగొచ్చింది ఒక్కటి. విమానానికి పదిమంది. ఆ బాల్కనీ ఇప్పటికీ ఉంది, మీరు వెళ్ళి నిలబడొచ్చు. నేను మొదటిసారి నిలబడినప్పుడు ఎదురుగా చక్కెర దుంపల చేను, దూరంగా ఒక ట్రాక్టరు, అంతే. చేతులు మాత్రం రెయిలింగు వదల్లేదు.

సరే, ఇప్పటి వాడకాల సంగతికి వద్దాం. ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది. టవర్లను బతికించింది చరిత్ర మీద గౌరవం కాదు, కప్పు కింద ఏదో ఒక పని. ఎవరికో ఒకరికి లోపల తడవకూడని సామాను ఉన్నంతకాలం కప్పు బాగుంటుంది. కప్పు బాగుంటే మిగతాదంతా ఆగుతుంది. నేను చూసిన ఏడింటిలో అన్నిటికంటే గట్టిగా ఉన్నది ఒక ముసలి రైతుది. ఆయన తండ్రి దాన్ని బంగాళాదుంపల కొట్టు చేశాడట. ఈయన ట్రాక్టరు టైర్లు, ఎరువుల బస్తాలు పెట్టుకున్నాడు. నాలుగైదేళ్ళకోసారి ఎవరూ చెప్పకుండానే కప్పు మీద తారు పోయించాడు. చరిత్ర గురించి అడిగితే భుజాలు ఎగరేశాడు. కానీ పై గది గోడ మీద పెన్సిలుతో రాసిన నంబర్ల వరస ఒకటుంది, ఎవరో యుద్ధకాలపు ఆపరేటర్ రాసుకున్నది. దాని ముందు మాత్రం ఆయన బస్తాలు పెట్టనివ్వడు. ఎందుకంటే చెప్పడు. అడిగితే చిరాకు పడతాడు.

మ్యూజియం అయినవాటిలో చాలా వాటి పూర్వచరిత్ర కూడా ఇలాంటిదే. బరీ సెయింట్ ఎడ్మండ్స్ దగ్గర రఫమ్ టవర్‌లో యుద్ధం తర్వాత మనుషులు కాపురం ఉన్నారు. తర్వాతే మ్యూజియం అయింది. థోర్ప్ ఆబట్స్ టవర్ 1977 నాటికి పాడుబడి, పిచ్చి తీగలు అల్లుకుని ఉంటే చుట్టుపక్కల ఊళ్ళ వాలంటీర్లు పట్టుకుని 1981లో తెరిచారు. అదే ఏడాది సఫోక్‌లో పార్హమ్ దగ్గర 390వ బాంబ్ గ్రూప్ టవర్ కూడా మ్యూజియంగా తెరుచుకుంది. అక్కడే ఇంకో చిన్న మ్యూజియం ఉంది: జర్మన్లు బ్రిటన్‌లో దిగితే రహస్యంగా పోరాడటానికి తయారు చేసిన దళాల గురించి. వెళ్తే దాన్ని వదలకండి, నా మటుకు నాకు టవర్ కంటే అదే ఎక్కువ నచ్చింది. దెబాక్‌లో టవర్‌ని ఒక రైతు కుటుంబమే బాగు చేసుకుంది.

మీ ఆఫీసుకి దగ్గరదంటే మార్టిల్‌షమ్ హీత్. ఇప్స్‌విచ్ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది ఏదో ఒక రోజు టెలిఫోన్ కంపెనీ బీటీ వాళ్ళ అడాస్ట్రల్ పార్క్ గేటు దాటినవాళ్ళే. ఆ క్యాంపస్ ఉన్నది పాత ఎయిర్‌ఫీల్డ్ నేల మీద. అడాస్ట్రల్ అన్న పేరు కూడా ఆర్‌ఏఎఫ్ లాటిన్ నినాదంలోంచి తీసుకున్నదే, ‘నక్షత్రాల దాకా’ అని. 1940 చివర్లో డగ్లస్ బాడర్, రెండు కాళ్ళూ లేని ఆ ఫైటర్ పైలట్, తన 242 స్క్వాడ్రన్‌తో అక్కడ ఉన్నాడు. తర్వాత అమెరికన్ ఫైటర్లు వచ్చాయి. ఇప్పుడు ఇళ్ళ మధ్య, పిల్లలు సైకిళ్ళు తొక్కుకునే సందు పక్కన ఆ టవర్ మ్యూజియంగా ఉంది. నాకు తెలిసిన ఒకాయన తొమ్మిదేళ్ళు అటువైపు నుంచే నడిచి ఆఫీసుకి వెళ్ళాడు, ఒక్కసారీ లోపలికి తొంగిచూడలేదు. మీరలా చేయకండి.

పనిలో ఉన్న టవర్లు వేరే ముచ్చట. డక్స్‌ఫర్డ్‌లో యుద్ధకాలపు టవర్ ఇప్పటికీ విమానాలతో మాట్లాడే పనిలోనే ఉంది, ఎయిర్ షో రోజున వెళ్తే తెలుస్తుంది. లింకన్‌షైర్‌లో వికెన్‌బీ చిన్న విమానాలు దిగే ఫీల్డుగా నడుస్తోంది. అక్కడి పాత వాచ్ ఆఫీస్‌లో కింద టిఫినూ టీ, పైన మ్యూజియం. గుడ్డు, బేకన్ తింటూ కిటికీలోంచి విమానం దిగడం చూడొచ్చు. ఆ పక్కనే గోడల మీద ఆ ఫీల్డు నుంచి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ ఫొటోలు. కొంతమందికి ఈ కలగలుపు నచ్చదు. నాకైతే ఇదే సరైన వాడకం అనిపిస్తుంది. మూసిపెట్టిన గదికంటే టీ మరుగుతున్న గది నయం.

లింకన్‌షైర్‌లోనే ఈస్ట్ కర్క్‌బీ ఉంది. ఫ్రెడ్, హెరాల్డ్ పాంటన్ అనే అన్నదమ్ములు, కోళ్ళ ఫారం రైతులు. వాళ్ళ పెద్దన్న క్రిస్టఫర్ 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ దాడిలో చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా వీళ్ళు పాత ఎయిర్‌ఫీల్డ్ భూమి కొని, ఒక లాంకాస్టర్ బాంబర్‌ని తెచ్చి పెట్టుకున్నారు. టవర్‌ని మళ్ళీ యుద్ధకాలంలో ఉన్నట్టు అమర్చారు. ఆ లాంకాస్టర్ ఇంజన్లు నాలుగూ స్టార్ట్ చేసి నేల మీద నడుపుతారు. ఆ రోజు టవర్ కిటికీ అద్దం మీద అరచెయ్యి పెట్టి చూడండి, వణుకు తెలుస్తుంది. దయ్యాలున్నాయని కూడా ప్రచారం. దాదాపు ప్రతి టవర్‌కీ ఒక దయ్యం కథ ఉంటుంది లెండి. మా టవర్‌లో రాత్రిపూట వినిపించే అడుగుల చప్పుడు ఊడిన కప్పు రేకుదని నేను తేల్చి చెప్పాక ఇద్దరు వాలంటీర్లు నాతో నెల్లాళ్ళు సరిగా మాట్లాడలేదు.

ఇంకా చిత్రమైనవి కొన్ని. బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ట్విన్‌వుడ్ టవర్ ఒక సంగీతకారుడి మ్యూజియం: అమెరికన్ బ్యాండ్ లీడర్ గ్లెన్ మిల్లర్ 1944 డిసెంబరు 15న అక్కడినుంచే చిన్న విమానంలో ఫ్రాన్స్‌కి బయల్దేరాడు, ఇంగ్లిష్ చానల్ మీద మాయమయ్యాడు, ఇప్పటికీ దొరకలేదు. కెంట్‌లో వెస్ట్ మాలింగ్ టవర్ కొత్త కాలనీ మధ్య కాఫీ షాపు అయింది. అదే బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని పొడింగ్టన్‌లో రన్‌వే మీద కార్ల డ్రాగ్ రేసులు, టవర్‌లో కాపురం. నార్ఫక్‌లో ఆటిల్‌బ్రిడ్జ్ రన్‌వే నిండా టర్కీ కోళ్ళ షెడ్లు, టవర్‌లో ఆ కంపెనీ ఆఫీసు పెట్టుకుంది. లింకన్‌షైర్‌లోని గాక్స్‌హిల్ టవర్‌ని అయితే ఏకంగా ఇటుక ఇటుకా విప్పి, ఓడలో అమెరికా తీసుకెళ్ళి వర్జీనియా బీచ్‌లోని ఒక విమానాల మ్యూజియంలో తిరిగి కట్టారు. అది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. తర్వాత, మేము పరిశీలించి ‘తక్షణం బాగు చేయాలి’ అని రాసిచ్చిన ఒక టవర్ ఆరేళ్ళపాటు అలాగే తడిసి ఒక మూల కూలిపోయాక, గాక్స్‌హిల్ మీద కోపం తగ్గింది. పరాయి దేశంలోనైనా నిలబడి ఉంది కదా.

పోయినవీ చాలానే. హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టూవర్ట్ బాంబర్ పైలట్‌గా పనిచేసిన టిబెన్‌హమ్‌లో గ్లైడర్ క్లబ్ ఉంది, టవర్ లేదు, 1970లలో పడగొట్టేశారు. కార్న్‌వాల్‌లో డేవిడ్‌స్టో మూర్ మీద టవర్ శిథిలంగా ఉంది, చుట్టూ గొర్రెలు. ఫొటోలకి అదే బాగుంటుందని అందరూ అంటారు. నిజమే, కానీ ఫొటో తీసేటప్పుడు నెత్తిమీద ఏముందో చూసుకోండి.

ఇక కొనడం సంగతి. ఇక్కడ నెమ్మదిగా చదవండి, డబ్బులతో పని.

ఈ టవర్లు కొన్నేళ్ళ యుద్ధం కోసం హడావిడిగా కట్టినవి, ఎనభై ఏళ్ళ కాపురానికి కాదు. కాంక్రీటులో ఇనుప చువ్వలు పైకి బాగా దగ్గరగా ఉంటాయి. చాలాచోట్ల చువ్వ మీద కాంక్రీటు నా బొటనవేలి గోరంత మందం కూడా ఉండదు. గాలి, తేమ లోపలికి దిగి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పెచ్చులుగా ఊడగొడుతుంది. అన్నిటికంటే ముందు దెబ్బతినేది బాల్కనీ అంచు. రెయిలింగు గొట్టాలను పలక అంచులోకి దింపి సిమెంటు పోశారు, ఆ మొదట్లో నీళ్ళు నిలుస్తాయి. నేను ఎక్కడికి వెళ్ళినా చేసే మొదటి పని చిన్న సుత్తితో బాల్కనీ అడుగుభాగం తట్టుకుంటూ పోవడం. గట్టిగా ఉంటే టంగ్ అంటుంది. డొల్ల అయితే పగిలిన కుండలా డొబ్ అంటుంది. ఒక టవర్‌లో వరసగా డొబ్ డొబ్ అని వినిపిస్తుంటే, యజమాని బాల్కనీ మీద నిలబడి పైనుంచి నాతో మాట్లాడుతున్నాడు. దిగమని నెమ్మదిగానే చెప్పాను, నా గొంతు విని ఆయనే పరుగెత్తుకొచ్చాడు.

రెండోది కప్పు. చదునుగా ఉంటుంది, నీళ్ళు పోయే తూములు ఒకటో రెండో. బూడిద రంగు మెడ ఉన్న చిన్న కాకులు ఇక్కడ ఉంటాయి, జాక్‌డా అంటారు. ఎక్కడ గొట్టం కనిపించినా పుల్లలు కూరుతాయి. మా టవర్‌లో ఒక అక్టోబరులో సీజన్ మూసేముందు తూము చూసి రావడం నా వంతు. వాన పడుతోందని మర్నాడు చూద్దామనుకున్నాను. ఆ మర్నాడు మార్చిలో వచ్చింది. తలుపు తీస్తే చలికాలమంతా కప్పు మీద చెరువులా నిలిచిన నీళ్ళు పాత కరెంటు గొట్టంలోంచి దిగి, సరిగ్గా మ్యాపులు పరిచిన బల్ల మీద పడ్డాయి. తూములోంచి మూడు బకెట్ల పుల్లలు తీశాను. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇంజనీర్ని నేనే కదా.

మూడోది గోడలు. ఇళ్ళుగా మార్చేవాళ్ళు చలికి తట్టుకోలేక లోపలంతా ప్లాస్టిక్ రంగులు, బిగుతైన కొత్త కిటికీలు వేస్తారు. కట్టడానికి ఊపిరాడదు. వంట ఆవిరి, మనుషుల ఊపిరి అంతా చల్లటి కాంక్రీటు కప్పుకి తగిలి బొట్లుబొట్లుగా కారుతుంది. ఒక దంపతులు కప్పు కారుతోందని రెండుసార్లు తారు వేయించి, మూడోసారి నన్ను పిలిచారు. కప్పులో ఒక్క చిల్లు లేదు, కారుతున్నది వాళ్ళ సొంత ఆవిరి. అసలు కిటికీలు సన్నటి ఉక్కు చట్రాలవి, ఎసెక్స్‌లోని క్రిటల్ కంపెనీ తరహావి. తుప్పు గీకి, కీళ్ళకి గ్రీజు పెట్టి బాగు చేసుకోవచ్చు. తీసి పారేస్తే మాత్రం టవర్ ముఖమే మారిపోతుంది, గుడ్డివాడికి నల్ల కళ్ళద్దాలు పెట్టినట్టు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. కొన్ని టవర్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నాయి. వాటికి అనుమతి లేకుండా మార్పులు చేస్తే అది జరిమానాతో సరిపెట్టుకునే చిన్న తప్పు కాదు, క్రిమినల్ నేరం. గబ్బిలాలు ఉంటే ఇంకో కథ: 1981 నాటి వన్యప్రాణుల చట్టం ప్రకారం వాటి గూడుని కదపకూడదు, ముందు నిపుణుడితో సర్వే చేయించాలి. తెల్ల గుడ్లగూబలు గుడ్లు పెట్టే కాలంలో ఐతే పని ఆపేయాల్సిందే. నా దగ్గరికి వచ్చిన ఒకాయన బేరం కుదుర్చుకుని, బిల్డర్‌ని మాట్లాడుకుని, కూతురి గదికి రంగు కూడా ఎంచుకున్నాక గబ్బిలాలు బయటపడ్డాయి. ఏడాదిన్నర ఆగాడు. ఇప్పుడు గబ్బిలాలు పైన ఒక మూల, వాళ్ళు కింద, అందరూ బాగానే ఉన్నారు. దారి, కరెంటు, నీళ్ళు, మురుగు ఇవేవీ ఉండవని వేరే చెప్పాలా, పొలం మధ్యలో కదా.

ఇన్ని చెప్పాక కూడా కొనాలనిపిస్తే కొనండి, ఆపను. బాగా చేసుకున్న ఇళ్ళు రెండు చూశాను. పై గదిలో ఉదయం కూర్చుంటే మూడు వైపుల నుంచీ వెలుతురు వస్తుంది. అలాంటి గది ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్ళకి దొరకదు.

లోపలికి వెళ్ళడం గురించి: మ్యూజియంలు చాలావరకు వాలంటీర్లు నడిపేవి, ఎండాకాలం వారాంతాల్లోనే తెరుస్తారు. బయల్దేరే ముందు ఆ వారం తెరిచారో లేదో చూసుకోండి. సెప్టెంబరులో హెరిటేజ్ ఓపెన్ డేస్ అని జరుగుతాయి, మామూలుగా మూసి ఉండేవి కూడా కొన్ని అప్పుడు ఉచితంగా చూపిస్తారు. పొలంలో ఉన్నదాని దగ్గరికి కాలిబాట ఉందో లేదో ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపులో కనిపిస్తుంది. పాత ఎయిర్‌ఫీల్డ్‌లను కూడా ఆ మ్యాపులో ‘వాడకంలో లేనిది’ అని గుర్తు పెడతారు. బాట దాటి వెళ్ళాలంటే ఆ పొలం ఇంటికి వెళ్ళి తలుపు కొట్టండి. నేను ఇలా అడిగిన చోట్ల ఒక్కరే కాదన్నారు. కోత రోజుల్లో మాత్రం అడక్కండి.

మన దగ్గర ఉన్నాయా అన్నారు. యుద్ధకాలపు రన్‌వేలైతే ఉన్నాయి. చెన్నై దగ్గర చోళవరం రన్‌వే మీద దశాబ్దాల పాటు కార్ల, మోటారు సైకిళ్ళ రేసులు జరిగాయి. మాది ప్రకాశం జిల్లా, మాకు దగ్గర్లో దొనకొండ ఉంది. అక్కడ బ్రిటిష్ వాళ్ళు వేసిన రన్‌వే సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు టవర్ చూపిస్తానని తీసుకెళ్తే, ఆయన టవర్ వైపు చూడకుండా కింద మిగిలిన కాంక్రీటు ముక్కను చెప్పుతో గీకి, ‘ఒరే, ఇది మన దొనకొండ రోడ్డులాగే ఉందిరా’ అన్నాడు. ఎనభై ఏళ్ళ కాంక్రీటు, రెండు ఖండాలు, ఒకటే గరుకు.

ఇంకో సంబంధం కూడా ఉంది, తెలిసినవాళ్ళు తక్కువ. మీకు దగ్గర్లోనే వాటిషమ్ అనే స్థావరం ఉంది, ఇప్పుడు సైన్యం హెలికాప్టర్లది. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, ఆర్‌ఏఎఫ్ మొదటి బాంబు దాడికి విమానాలు బయల్దేరిన చోట్లలో అదొకటి. అక్కడినుంచి వెళ్ళినవాటిలో 110 స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు ఉన్నాయి. ఆ స్క్వాడ్రన్ పూర్తి పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్! మొదటి ప్రపంచ యుద్ధంలో దాని విమానాలకు నిజాం డబ్బిచ్చాడు, అందుకే ఆ పేరు, చిహ్నంలో పులి. 152, 253 స్క్వాడ్రన్‌లకి కూడా హైదరాబాద్ పేరే ఉంది. 152 చిహ్నంలో అయితే నిజాం తలపాగానే పెట్టారు. మా మ్యూజియంకి వచ్చే తెలుగు పిల్లలకి ఈ సంగతి చెప్తే అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలెత్తుతారు.

మీరు చూసిన టవర్ ఫొటో ఒకటి రన్‌వే వైపు నుంచి తీసి ఇక్కడ పెట్టండి, బాట మీద నిలబడే తీయండి. పై అంతస్తు కిటికీలు గోడలో సగం పైగా ఉన్నాయా, తక్కువున్నాయా అన్నది కనిపిస్తే చాలు, డ్రాయింగ్ నంబరు చెప్పగలను. బాల్కనీ అంచున ఎర్రటి మరకలు కనిపిస్తే మాత్రం దాని కిందికి వెళ్ళకండి.